పంపే దరువు

పోయిన వారం మా అన్నయ్య కూతురు రాయపూర్ నుంచి ఫోన్ చేసింది. ఒక ఫోన్లోంచి ఇంకో ఫోన్లోకి ఈదుకుంటూ వచ్చిన పాత వీడియో ఏదో దాని చేతికి చిక్కిందట. అందులో నల్ల చొక్కా వేసుకుని, నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని గిటారుతో నిలబడ్డ మనిషిని చూసి, "బాబాయ్, అది నువ్వేనా? ఎవరైనా నిన్ను బలవంతం చేశారా?" అని అడిగింది. నేనేనని, ఎవరి బలవంతమూ లేదని ఒప్పుకున్నాను. "అయితే మీ బ్యాండు మెంబర్ల మ్యూజికల్ బ్యాక్‌గ్రౌండ్ చెప్పు. మా కాలేజీ మ్యాగజైన్‌కి కావాలి. తలా ఒక లైను చాలు" అంది. ముగ్గురివి చెప్పాను. నాలుగో మనిషి దగ్గరికి వచ్చేసరికి సిగ్నల్ పోతోందని పెట్టేశాను. కిరండూల్‌లో ఉండేవాడు సిగ్నల్ లేదంటే ఎవరూ అనుమానించరు. ఈ ఊరు మాకిచ్చిన సౌకర్యాల్లో అదొకటి.

మాది ట్రిబ్యూట్ బ్యాండు. అంటే సొంత పాటలుండవు. సముద్రాల అవతలి ఒక రాక్ బ్యాండు పాటల్నే భక్తిగా వాయిస్తాం. ఆ బ్యాండు పేరు ఇక్కడ రాయను. వాళ్ళు మాకు ఏ అపకారమూ చేయలేదు. ఇక్కడి ఇనుప గనుల టౌన్‌షిప్‌లో ఖాళీగా పడివున్న ఒక క్వార్టర్‌లో, షిఫ్టులు కుదిరిన సాయంత్రాల్లో ప్రాక్టీసు చేసేవాళ్ళం. నేను బేస్ గిటారు. నా సంగీతమంతా మా అమ్మ పెట్టిన భిక్ష. ఆవిడ నాకు వీణ నేర్పింది వంటింట్లో, పొయ్యి మీద ఒక కన్ను వేసి. కుక్కరు కూత పెట్టగానే పాఠం ఆగేది. ఈనాటికీ ఎక్కడ విజిల్ వినబడినా నా వేళ్ళు తీగల మీద ఆగిపోతాయి. రాక్ కచేరీల్లో జనం విజిళ్ళు వేస్తారన్న సంగతి నేను ముందుగా ఆలోచించుకోవలసింది.

లీడ్ గిటారు గనిలో మా సెక్షన్ ఎలక్ట్రీషియను, విశాఖ వైపు కుర్రాడు. చర్చిలో నేర్చుకున్నాడు కాబట్టి మేమంతా చర్చి అబ్బాయి అనేవాళ్ళం. ఏ పాటైనా లోకమంతా తగలబడిపోవాలన్నట్టు మొదలుపెట్టి, చివరికొచ్చేసరికి అందరినీ క్షమించేసేవాడు. పాడేది మా మేనత్త కొడుకు, కొంటా నుంచి వచ్చి ఇక్కడ కిరాణా దుకాణం పెట్టుకున్న బావ. ఇంగ్లీషు పాటల్ని తెలుగు అక్షరాల్లో రాసుకుని, భజన గుంపులో పాడిన అలవాటు కొద్దీ ఒక చరణం పాడి ఆగేవాడు, గుంపు తిరిగి అందుకోవాలి కదా అని. విచిత్రమేమిటంటే జనం నిజంగానే అందుకునేవారు. ఆ ఇంగ్లీషువాళ్ళకు ఈ ఉపాయం ఎందుకు తట్టలేదో తెలియదు.

నాలుగోవాడు మామ. గనిలో ఖనిజం మోసే డంపరు నడిపేవాడు. ఎర్రబోరు దాటి అడవి లోపలికి పోతే వచ్చే దొర్ల గిరిజనుల ఊరు అతనిది. వయసులో నాకన్నా చిన్నవాడే. అయినా చేరిన రోజే నన్ను "ఏంది అల్లుడా" అని పిలిచాడు కాబట్టి ఇక వేరే దారి లేక మామ అయ్యాడు. వాళ్ళింట్లో తరతరాలుగా డోలు కొడతారు. డ్రమ్ముల ముందు కూర్చున్న మొదటి రోజే అన్నిటినీ ఒకసారి తట్టి చూసి, "ఇన్ని ఎందుకు? ఒక్కదాంట్ల అన్నీ ఉంటయి గద" అన్నాడు.

మేము వాయించే పాటల్లో ఒక పెద్ద పాట ఉంది. దాని నడుమ డ్రమ్ములు ఒక్కటే మోగాలి. అసలు పాటలోని దరువు మామకు నచ్చలేదు. "ఈ దొర సగమే కొట్టిండు" అని, ఆ చోట తన తండ్రి కొట్టే దరువు పెట్టాడు. విన్నవాళ్ళ వీపు మీద చీమ పాకినట్టుండేది. ఏమిటి మామా ఇది అంటే, "పోయిన పెద్దల్ని ఇంటికి పిలిచేది. భయం లేదు, ఆఖర్ల పంపే దరువు గూడ కొడత. పిలిస్తే పంపాలె. మా ఇంట్ల అది రివాజు" అన్నాడు. నిజమే, పాట అయ్యాక ఎప్పుడూ నెమ్మదిగా, తలుపు దగ్గరకు వేస్తున్నట్టు కొన్ని దెబ్బలు విడిగా కొట్టేవాడు. చుట్టాల్ని బస్సెక్కించి వచ్చినంత మామూలుగా చెప్పాడు కాబట్టి మేమూ మామూలుగానే విన్నాం.

టౌన్‌షిప్ వార్షికోత్సవం సాయంత్రం ఆ పాట మొదలుపెట్టాం. మామ దరువు అందుకున్నాడు. మైదానంలో ఈల లేదు, మాట లేదు. సరిగ్గా అప్పుడు కరెంటు పోయింది. దాడుల భయం ఉన్న ఈ ప్రాంతంలో అంతమంది ఉన్నచోట హఠాత్తుగా చీకటి పడితే కాపలావాళ్ళు రెండో ఆలోచన పెట్టుకోరు. టార్చీలతో ఎక్కి మమ్మల్ని భుజాలు పట్టి దించేశారు. మామ కర్రలు స్టేజీ మీదే ఉండిపోయాయి. "ఏక్ మినట్ సాబ్, ఖతమ్ కర్నే దో" అని, ఒక్క నిమిషం ముగించనివ్వమని మామ బతిమాలుతున్నాడు. "హో గయా, హో గయా, బహుత్ అచ్ఛా థా" అని, అయిపోయింది, బాగుంది పొమ్మన్నాడొకాయన. లైట్లు వచ్చాక పిల్లల డాన్సు. మా పాట అక్కడే, పిలుపు దగ్గరే, తెగిపోయింది.

ఆ తర్వాత క్వార్టర్ తాళం తీసిన మొదటి సాయంత్రం పెద్ద డ్రమ్ము మీద చెయ్యి వేశాను. పడుకున్న పశువు పొట్టలా లోపల ఏదో మెల్లగా కదులుతోంది. కొండ మీద బ్లాస్టింగ్ అదురు అన్నాను. ఆదివారం బ్లాస్టింగ్ ఉండదని చర్చి అబ్బాయి గుర్తుచేశాడు. అతనికి ఆదివారాలు బాగా గుర్తుంటాయి. బావ మాత్రం గడప అవతలే నిలబడి, "లోపల ఎవరో ఉన్నట్టున్నరు. నేను తర్వాత వస్త" అన్నాడు. లోపల మేమిద్దరమే ఉన్నాం.

మామ డ్యూటీకి రావడం మానేశాడు. ఇంటికెళ్తే గోడకు చేరగిలబడి కూర్చుని ఉన్నాడు. "డంపర్ల నా పక్క సీట్ల అయ్య కూసుంటుండు అల్లుడా" అన్నాడు. తండ్రి పోయి అప్పటికి చాలా కాలమైంది. "మాట్లాడడు. వేళ్ళతోటి డాష్‌బోర్డు మీద కొడుతుంటడు. ఇంటుంటే నా చేతులు గూడ లేస్తయి. కొండ అంచున మలుపుల స్టీరింగ్ ఇడిచిపెడితే ఎట్ల?" డంపరు అంటే ఇల్లంత బండి, కింద లోయ ఎంతో ఎప్పుడూ అడగకూడదని మా గనిలో ఒక మర్యాద. పైగా ఇంకొన్నాళ్ళు రాకపోతే ఉద్యోగం పోతుందని ఫోర్‌మన్ కబురు పంపాడు. ఎక్కితే ప్రాణం, ఎక్కకపోతే అన్నం. పంపే దరువు కొట్టేయరాదా మామా అన్నాను. "రోజూ కొడుతున్న. పిలిచేది వస్తది. పంపేది చేతికి వస్తలేదు" అన్నాడు, తన చేతుల్ని వేరేవాళ్ళవన్నట్టు చూస్తూ.

ఊళ్ళో ఉన్న తల్లికి ఫోన్ చేయించాం. ఆవిడ ఒక్కటే అడిగింది: "పిలిచినప్పుడు నీతోని ఎవలెవలు వాయించిన్రు? అందర్నీ తోలుకరా." అలా బావ జీపులో బయల్దేరాం. బావ స్టీరింగ్ దగ్గర, పక్కన చర్చి అబ్బాయి, వెనక నేనూ మామా. ఇంకెవరూ లేరు. సుక్మా దాటాక చెక్‌పోస్టులో జవాను గిటారు సంచి తట్టి, "ఇస్మే క్యా హై?" అన్నాడు. వాయించి చూపించమంటే చర్చి అబ్బాయి దేవుడి పాట వాయించాడు. జవాను టోపీ సర్దుకున్నాడు. "ప్రోగ్రామ్ హై క్యా?" అంటే మామ కిటికీలోంచి, "బాప్‌ కో ఛోడ్‌నే జా రహే హై" అన్నాడు, నాన్నను దిగబెట్టడానికి వెళ్తున్నామని. జవాను వంగి వెనక సీటంతా ఒకసారి చూశాడు. "ఠీక్ హై" అని గేటు ఎత్తుతూ, "పాంచోం జావ్" అన్నాడు. ఐదుగురూ వెళ్ళమని. బావ గేరు మార్చాడు. ఎర్రబోరు వచ్చేదాకా జీపు ఆపలేదు. నాకూ మామకూ మధ్య ఒక మనిషి పట్టేంత చోటుంది. ఎందుకు అంత దూరం జరిగి కూర్చున్నామో నేను అడగలేదు.

మేము చేరేసరికి మిట్టమధ్యాహ్నం. మామ తల్లి వరసకు నాకు అమ్మమ్మ కావాలి. ఇంటి ముందు నీడలో చాప పరిచి ఉంచింది. మమ్మల్ని చూసి ఆవిడ అన్న మొదటి మాట, "అయ్యను ఎండల నిలబెట్టకున్రి." ఆకుదొన్నెల్లో జావ పోసి అందరికీ ఇచ్చి, ఒక దొన్నె చాప కొసన పెట్టింది. నేను ఏదో తేలిక మాట అనబోయాను. మానేసి జావ తాగాను. నా స్నేహితులు అది ఒక్కసారే జరిగిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. చుట్టుపక్కల ఇళ్ళ ఆడవాళ్ళు వచ్చి దూరంగా నిలబడ్డారు. "కొడుకొక్కడే పిలిస్తే కొడుకు పంపుతడు. మీరు గుంపు గూడి పిలిచిన్రు. వచ్చినోడు ఎవల మాట ఇనాలె? ఎక్కడ ఆపిన్రో ఆడికెంచి కానియ్యిన్రి" అంది అమ్మమ్మ.

మామ దూలానికి వేలాడుతున్న తండ్రి డోలు దించి, మంట దగ్గర చర్మం కాచి మెడకు తగిలించుకున్నాడు. అలా ఆ ఇంగ్లీషు పాట మిగిలిన సగం, కరెంటు లేని గిటార్లతో, ఎర్రబోరు అవతల ఒక వాకిట్లో మొదలైంది. కోళ్ళు అరవడం మానేశాయి. పిలిచే దరువు ముగిసింది. బావ చరణం అందుకుని, పాత అలవాటు చొప్పున ఆగాడు. ఈసారి అందుకోవడానికి ఆ పాట తెలిసిన జనం లేరు. ఆ ఖాళీలో చాప కొసన ఎవరో గొంతు సవరించుకుని, తక్కువ స్థాయిలో, ముసలి మగగొంతుతో అందుకున్నారు. మాటలు లేవు, రాగం తప్పలేదు. మేమెవరమూ తల తిప్పలేదు. బావ ముఖం మీద చెమట ధారలు కట్టింది. అయినా పాట ఆపలేదు. ప్రతి చరణానికీ ఆగాడు, ప్రతిసారీ జవాబు వచ్చింది. దుకాణంలో ఉప్పు తూచేటప్పుడు కూడా భయపడే మనిషి మా బావ. ఆరోజు అతనిలో అంత ధైర్యం ఎవరు పోశారో తెలియదు.

పాట అయిపోయింది. మామ డోలు మీద చేతులు పెట్టి అలాగే నిలబడిపోయాడు. "కొట్టు బిడ్డా" అంది తల్లి. కదలలేదు. "కొట్టు. ఆయనకు గూడ పొద్దు పోతున్నది." అప్పుడు మొదలుపెట్టాడు. సగం దాకా వచ్చాక తడబడ్డాడు. ఏడుస్తున్నాడని అప్పుడు చూశాను. కానీ ఆపలేదు. ఆఖరి దెబ్బ పడ్డాక ఆడవాళ్ళు ఒక్కసారిగా దారి ఇచ్చినట్టు రెండు పక్కలకీ జరిగారు. గాలి లేదు, ఆ దారి పొడుగునా ఎండుటాకులు మాత్రం ఒకదాని తర్వాత ఒకటి చప్పుడు చేసుకుంటూ అడవి వైపు వెళ్ళాయి. అమ్మమ్మ చాప కొసన దొన్నె ఎత్తి చూసి, అడుగున మిగిలింది మొక్క మొదట్లో పోసింది.

తిరుగు దారిలో మామ నెమ్మదిగా చెప్పాడు. "చేతికి రాలేదన్నది అబద్ధం అల్లుడా. సగం దాకా కొడితే అయ్య నా పక్కకెంచి లేసి నిలబడుతుండె. అది చూసి నేనే ఆపుతుంటి. ఆయన పోయినప్పుడు వాగు పొంగి నేను అందలే. మట్టి ఏసినంక వచ్చిన. మల్ల ఇన్నాళ్ళకు దొరికిండు." చర్చి అబ్బాయి ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి అతని మోకాలి మీద చెయ్యి వేసి అలాగే ఉంచాడు.

మర్నాడు మామ డ్యూటీ ఎక్కాడు. షిఫ్టు దిగాక క్యాంటీన్ దగ్గర కనబడి, "పక్క సీటు ఖాళీగ ఉంది" అన్నాడు. శుభవార్త చెబుతున్న ముఖం కాదు అది. ఇప్పటికీ కొండ మీద డంపరు నడుపుతున్నాడు. ఎదురైతే చెయ్యి ఊపుతాడు, నేనూ ఊపుతాను. కాలం మనుషుల్ని లాక్కుపోతుందని ఎన్నాళ్ళో నమ్మాను. ఆ మధ్యాహ్నం నుంచి నాకు వేరేలా అనిపిస్తోంది. అది గుమ్మం బయట చేతులు కట్టుకుని, మనవాళ్ళను మనం పంపేదాకా నిలబడి ఉంటుంది. తొందరపెట్టదు, కానీ వెళ్ళిపోనూ పోదు.