ఆ కప్పు మళ్లీ ఎవరు వేశారు?

మా పెదనాన్నకు బైబిలు మొత్తంలో కనిపించేది ఒక్కటే: ఇంటి కప్పుకు పడ్డ కంత.

తాపీమేస్త్రీ కదా, ఆయన చూపు అంతే. పక్షవాతం వచ్చిన మనిషిని నలుగురు మోసుకొస్తారు. యేసు ఉన్న ఇంట్లో కాలు పెట్టే చోటుండదు. ఇంటిపైకెక్కి, కప్పు విప్పి, పరుపుతో సహా లోపలికి దించుతారు. లోకమంతా ఆ నలుగురి విశ్వాసానికి మురిసిపోతుంది. పెదనాన్న మాత్రం కళ్లజోడు తీసి తుడుచుకుని, "సరే, ఆ కప్పు మళ్లీ ఎవరు వేశారు?" అంటాడు.

ఇంటి ప్రార్థనలో చదివే వంతు వచ్చిందంటే ఆయనకు ఆ మార్కు సువార్త రెండో అధ్యాయమే. నలభై ఏళ్లలో చదివిన ప్రతిసారీ ఓ కొత్త సత్యం బయటపడేది. ఒకసారి, కింద కూర్చున్నవాళ్ల నెత్తిన మట్టి పడి ఉంటుందని. ఇంకోసారి, తాళ్లు తెచ్చినవాళ్లు తాపీ ఎందుకు తేలేదని. మా పెద్దమ్మ మాత్రం నలభై ఏళ్లూ ఒకే సత్యం చెప్పింది: "అన్నం చల్లారిపోతోంది."

పాస్టరుగారిది మంచి ఓపిక. "అక్కడ ముఖ్యం కప్పు కాదు మేస్త్రీగారూ, విశ్వాసం."

"కప్పు మీదైతే అలా అనేవారా?"

ఆ తర్వాత పాస్టరుగారు మార్కు సువార్తలో ఒకటో అధ్యాయం నుంచి తిన్నగా మూడుకి వెళ్లిపోయేవారు.

ఇలా ఉండగా, మా వీధి చివర మేడమీది గదిలో అద్దెకుండే కుట్టుమిషను అక్క భర్త, ఏళ్లుగా మంచాన ఉన్న మనిషి, కిందపడి నడుం విరగ్గొట్టుకున్నాడు. పడుకోబెట్టే తీసుకురమ్మన్నాడు డాక్టరు. గుమ్మమేమో ఇరుకు. మంచం తిరగదు. నేనూ మరో ముగ్గురూ కిటికీ పీకి, దాని కింది గోడ పడగొట్టి, మంచానికి తాళ్లు కట్టి వీధిలోకి దించాం.

ఇంటాయన వచ్చి చూశాడు. "ఆదివారానికి గోడ లేవాలి. లేకపోతే గది ఖాళీ చెయ్యాలి."

అక్క మావైపు చూసింది. "చూద్దాంలే అక్కా" అన్నాం నలుగురం, నాలుగు రకాలుగా.

ఆదివారం పాస్టరుగారు ధైర్యం చేసి రెండో అధ్యాయం తీశారు. "ఆ నలుగురూ ఇవాళ మన మధ్యే ఉన్నారు" అన్నారు. నేను తెల్లచొక్కాలో వినయంగా తల వంచుకున్నాను, అందరికీ కనిపించేలా. పెదనాన్న రాలేదు. నలభై ఏళ్లు చదివిన కథ కళ్లెదుట జరిగితే వినడానికి రాకపోవడమేమిటని ఒళ్లు మండింది. అంతలో గోడ గుర్తొచ్చింది.

పరుగెత్తాను. గోడ లేచింది. కిటికీ కూర్చుంది. గుమ్మం మూరెడు వెడల్పయింది. ఇక మంచం నేరుగా బయటికొస్తుంది. పెదనాన్న కొత్త ద్వారబంధం పక్కన సిమెంటు రాస్తున్నాడు. ఇంటాయన చెక్క పట్టుకుని నిలబడ్డాడు.

"గుమ్మం పెంచడానికి ఈయనెలా ఒప్పుకున్నాడు పెదనాన్నా?"

"ఆ అధ్యాయం చదివి వినిపించా, రెండుసార్లు. మూడోసారి మొదలెడుతుంటే ఒప్పుకున్నాడు."

"మా పాతింటి కప్పు గాలికి లేచిపోయినప్పుడూ మేస్త్రీగారే వేశారు" అంది అక్క. "ఎవరికీ చెప్పొద్దన్నారు."

నాకు సిగ్గేసింది. "నాకైనా చెప్పొచ్చుగా, సాయం వచ్చేవాణ్ణి."

"కీర్తి మోస్తున్నావుగా, ఇంకా బరువెందుకని." నా చొక్కా ఎగాదిగా చూసి, ఇటుక ముక్కల తట్ట చేతికిచ్చాడు. "ఇవి కిందికి దించు. దించడం నీకొచ్చుగా."

మొత్తం తొమ్మిది తట్టలు. ఆరు నేను దించాను. ప్రార్థన ముగించుకుని వచ్చిన పాస్టరుగారు మిగతా మూడూ దించి, చెమట తుడుచుకుంటూ కొత్త గోడను చాలాసేపు చూశారు.

"ఇంతకీ మేస్త్రీగారూ," అన్నారు నెమ్మదిగా, "ఆ కప్పు ఎవరు వేసి ఉంటారంటారు?"