సీటుకు నాలుగు హద్దులు

పెళ్లయిన కొత్తలో మా ఆయన మలికిపురం నుంచి రోజూ సైకిలు మీద బడికి వెళ్లేవారు. గ్యాసు లారీలు తిరిగి తిరిగి రోడ్డంతా గోతులు పడి, సాయంత్రం నడుం పట్టుకుని దిగేవారు. మామిడికుదురులో కొబ్బరికాయల వ్యాపారం చేసే మా బావగారిదీ, అంటే మా అక్క భర్తదీ, అదే బాధ. కాకపోతే ఆయన మనిషి మా ఆయనకు రెండింతలు.

ఒక వేసవిలో తోడల్లుళ్లిద్దరూ మా పుట్టింట్లో కలిశారు. పక్కనున్న వెల్డింగు షాపులో కూర్చుని ఇంట్లో మూలనున్న ఓ పాత సైకిలుకి కొత్త సీటు బిగించారు. కింద లావుపాటి స్ప్రింగు, దాని మీద నట్టు. లావు మనిషి ఎక్కితే బిగించుకోవాలి, బక్క మనిషి ఎక్కితే వదులు చేసుకోవాలి. అక్కా నేనూ కూడా పెరట్లో ఎక్కి చూశాం. పడవలో కూర్చున్నట్టే ఉంది.

అక్కడితో ఆగితే బాగుండేది. ఎవరో వచ్చి, పేటెంటు తీసుకోకపోతే కంపెనీవాళ్లు కాపీ కొట్టేస్తారని చెప్పారు. పేటెంటు ఎవరి పేరున? అప్పుడు మొదలైంది.

"స్ప్రింగు ఆలోచన నాదండీ," అన్నారు బావగారు.

"స్ప్రింగు లారీలకీ ఉంటాదండీ. నట్టు లేకపోతే అది సీటా, ఉయ్యాలా?" అన్నారు మా ఆయన.

"నట్టు మీలాంటి బక్కోళ్లకండీ. నేనెక్కితే బిగించినా వదిలినా ఒకటే!"

అంత కోపంలోనూ ఇద్దరూ అండీ మానలేదు. మర్నాడే అమలాపురం వెళ్లి చెరో ప్లీడరునీ పెట్టుకున్నారు.

మా ప్లీడరుగారు జీవితమంతా చేలగట్ల తగాదాలే చూసిన మనిషి. కాగితం తీసి, "హద్దులు చెప్పండి" అన్నారు.

"సీటుకి హద్దులేంటండీ?"

"ఆస్తన్నాక నాలుగు హద్దులుండవాండీ?"

అలా నోటీసు వెళ్లింది: తూర్పున హ్యాండిలు, పడమర క్యారేజీ, దక్షిణాన చైను, ఉత్తరాన ఖాళీ జాగా. అవతలి ప్లీడరు జవాబిచ్చాడు. సైకిలు పడమటి ముఖంగా ఉందనీ, హద్దులన్నీ తలకిందులనీ, నోటీసు చెల్లదనీ. మా ఆయన మా పుట్టింటికి పరుగున వెళ్లి చూస్తే నిజంగానే పడమటి ముఖంగా ఉంది.

"ఊడవడానికి అడ్డంగా ఉంటే తిప్పేను బాబూ," అంది మా అమ్మ.

సంగతి తేలేదాకా సైకిలు కదపకూడదని ప్లీడర్లిద్దరూ చెప్పారు. వానాకాలమంతా అది మా అమ్మ వసారాలోనే నిలబడింది. అమ్మ దాని చుట్టూ ఊడుచుకునేది.

ఆ తర్వాత మా నాన్నగారి సంవత్సరీకం వచ్చింది. అల్లుళ్లిద్దరూ వచ్చి వసారాలో చెరో చివర కూర్చున్నారు. స్వయంపాకానికి వచ్చిన పంతులుగారు భారీ మనిషి. బియ్యం మూటా, కూరగాయలూ చూసి, "ఇవన్నీ ఎలా మోసుకెళ్లనమ్మా?" అన్నారు.

"ఆ సైకిలు తీసుకెళ్లండి. అదీ దానమే," అంది మా అమ్మ.

అల్లుళ్లిద్దరూ ఒకేసారి లేచారు. "అత్తయ్యగారండీ, అది తగాదాలో ఉందండీ!"

"మీ మావగారి పేరు చెప్పి ఇచ్చేసేను. ఆయన్నే అడగండి," అని అమ్మ లోపలికి వెళ్లిపోయింది.

పంతులుగారు ఎక్కగానే సీటు కిందికి దిగిపోయింది. మా ఆయన ఉండబట్టలేక, "నట్టు బిగించాలండీ!" అని పరిగెత్తారు. "ముందు స్ప్రింగుకి నూనె కావాలండీ," అని బావగారు నూనె సీసాతో వచ్చారు. ఒకరు హ్యాండిలూ, ఒకరు క్యారేజీ పట్టుకుని ఆయన్ని సాగనంపారు.

"పంతులుగారిని కూడా ప్రతివాదిగా చేరుద్దామా?" అన్నారట మా ప్లీడరుగారు ఉత్సాహంగా.

"ఒద్దండీ బాబూ. దానమిచ్చింది వెనక్కి లాక్కుంటే పురుగులై పుడతాం," అని చెప్పి వచ్చేశారు మా ఆయన.

కొన్నాళ్లకు పంతులుగారు బస్టాండు దగ్గర మా ఆయనకు ఎదురుపడ్డారు. సైకిలుకి మామూలు సీటుంది.

"అదాండీ? మీరు నట్టు బిగించేక ఎత్తైపోయి కాలు అందడం లేదు. పాత ఇనుంవాడికి ఇచ్చేసేను."

మా ఆయన బడికి వెళ్లకుండా ఆ వార్తతో మామిడికుదురు బస్సెక్కేశారు. సాయంత్రం దాకా బావగారి కొట్లో ఇద్దరూ ఒకే బల్ల మీద కూర్చుని పంతులుగారిని తిట్టుకున్నారట. భోజనం కూడా అక్కడికే పంపమన్నారని అక్క తర్వాత చెప్పింది.