చెవి మేస్త్రి కొట్టి చూసిన స్తంభం

ఏ మనిషికి దండం పెట్టుకోవాలో ఆ మనిషినే నేను మొదట కసిరాను.

మా మేడ కింద స్తంభం మీద తుప్పు మరక కనబడితే, పూత వేయమని పిలిచాం. అరవై దాటిన మేస్త్రి. ఒక చెవి కాంక్రీటు మిషన్ మోతకు ఎప్పుడో పోయింది. వచ్చీ రాగానే తాపీ పక్కనపెట్టి, రెండో చెవి స్తంభానికి ఆనించి చిన్న సుత్తితో కొట్టడం మొదలుపెట్టాడు. ఊళ్లో ఆయన్ని చెవి మేస్త్రి అనేది అందుకే.

నాకు చిర్రెత్తుకొచ్చింది. పై అంతస్తులో మా అక్కకు ఏడో నెల. మంచం దిగితే బిడ్డ దక్కదని డాక్టరు చెప్పింది.

"కాస్త సిమెంటు పూసి వెళ్లండి మేస్త్రీ. చప్పుడు చేయొద్దు."

"లోపల డొల్లగా మోగుతోందమ్మా. మిగతావి గట్టిగానే ఉన్నాయి, ఇదొక్కటే," అంటూ పెచ్చు ఊడగొట్టాడు. నిలువు కడ్డీల నుంచి తుప్పు పొట్టులా రాలుతోంది. వాటిని చుట్టి పట్టుకోవాల్సిన రింగులు ఆయన వేళ్ల మధ్య పొడి అయిపోయాయి.

"ఇన్నేళ్లూ నిలబడే ఉందిగా?"

"ఊరికే నిలబడటానికి సరిపోతుందమ్మా. భూమి ఊగితేనే కష్టం. అప్పుడు కడ్డీలు బయటికి వంగకుండా, కాంక్రీటు చెదరకుండా పట్టేది ఈ రింగులే."

"పని పెంచుకోవడానికి చెబుతున్నారు!" అనేశాను. నా నోరే అంత.

ఆయనకు కోపం రాలేదు. పక్కనే రంగు గీకి, కింద ఉన్న పాత పూత మీద తాపీ గీతలు చూపించాడు. అన్నీ ఎడమచేతి వాటం.

"ఇది నా చెయ్యేనమ్మా. పదిహేనేళ్ల కిందట ఇదే మరకను మూసేసి పోయాను. అప్పుడు తెలియదు. ఇప్పుడు తెలిసీ మూస్తే నాకు ముద్ద దిగదు."

అప్పటికప్పుడే ఇంజినీరుకు ఫోన్ చేశాను.

ఆయన వచ్చి, మేస్త్రి చెప్పిందే కాగితం మీద గీసిచ్చాడు. స్తంభాన్ని తడిపేస్తూ కారుతున్న పైపు మార్చారు. పై బరువు ఆపడానికి దూలాల కింద జాకీలు ఆనించి, కడ్డీలు మెరిసేదాకా తుప్పు గీకారు. కొత్త కడ్డీలకు దగ్గర దగ్గరగా రింగులు కట్టి, చుట్టూ కాంక్రీటు పోశారు. రోజూ మోత మొదలుకాకముందే మేస్త్రి మెట్లెక్కి వచ్చి గుమ్మం బయటి నుంచే చెప్పేవాడు.

"తల్లీ, ఇప్పుడు కొడతాం. ఉలిక్కిపడకు."

"నీకంటే ఆయనే నయం," అని అక్క నన్ను ఆటపట్టించేది.

పనయిన నెలకు, పట్టపగలు పదకొండింటికి భూమి ఊగింది. గిన్నెలు దొర్లాయి. జనం కేకలు పెడుతూ వీధిలోకి పరిగెత్తారు. అక్కను దింపే దారి లేదు. ఇద్దరం మంచం పట్టుకుని కూర్చున్నాం. మేడ కిర్రుమంటూ అటూ ఇటూ ఊగి, ఆగింది. గోడలకు సన్నటి బీటలు పడ్డాయంతే. ఆ క్షణంలో నాకు గుర్తొచ్చిన దేవుడు చేతిలో సుత్తి పట్టుకుని ఉన్నాడు.

కాసేపటికి మెట్ల మీద రొప్పు వినిపించింది. మేస్త్రి స్తంభం వైపు చూడనైనా చూడకుండా నేరుగా పైకి వచ్చేశాడు.

"తల్లీ, ఉన్నావా?"

"ఉన్నాం బాబాయ్," అంది అక్క పొట్ట మీద చెయ్యి వేసుకుని. "ఇద్దరం ఉన్నాం."

ఆయన గడప మీద కూలబడి, వినబడే చెవి ఇటు తిప్పాడు.

"మళ్లీ చెప్పు తల్లీ," అన్నాడు.