జోగి నాకు ఎరుకేనా? కుంట దాకా ఒక రోజు

హైదరాబాదులో నేను స్పానిష్ నేర్పుతాను. మొన్న క్లాసులో ఇంగ్లీషు 'ఐ నో' అనే మాటని స్పానిష్‌లో ఎలా చెప్పాలో వివరిస్తున్నాను. సంగతి తెలిస్తే సబేర్, మనిషి తెలిస్తే కొనోసేర్. ఉదాహరణకి 'కొనోస్కో అ జోగి' అని బోర్డు మీద రాశాను, జోగి నాకు తెలుసు అని. రాశాక చెయ్యి ఆగింది. జోగి బస్తర్‌లోని కుంట అనే ఊళ్ళో నా బడి స్నేహితురాలు, దోర్ల తెగ పిల్ల. మా నాన్న అక్కడ బట్టల కొట్టు నడిపేవారు. నా పన్నెండో ఏట కొట్టు ఎత్తేసి వచ్చేశాం. ఇరవై ఆరేళ్ళుగా ఆమెని చూడనేలేదు.

శనివారం పొద్దున ఆరింటికి భద్రాచలంలో చింతూరు బస్సెక్కాను. సుమారు రెండు గంటల దారి, టికెట్టు వంద లోపే. అక్కడి నుంచి కుంటకి షేర్ ఆటో. రాష్ట్ర సరిహద్దు దాటగానే బోర్డులు హిందీలోకి మారాయి, ఆటోలో మాటలు మాత్రం తెలుగులోనే సాగాయి. శబరి మీంచి వచ్చే తడిగాలికి మా కొట్లోని కొత్త తాన్ల వాసన గుర్తొచ్చింది. జోగి గురించి అడిగితే డ్రైవర్ నవ్వాడు. "బస్టాండు కాడ హోటల్ జోగక్కనా? ఆమె తెల్వనోళ్ళెవరు మేడం!"

రేకుల షెడ్డులో బజ్జీలు వేస్తున్నావిడ తలెత్తకుండానే "క్యా చాహియే?" అంది, ఏం కావాలని.

"జోగీ, నేను ఎరుకేనా?"

జల్లిగరిటె ఆగింది. "ఎరుక లేకేంది? బట్టల కొట్టు సావుకారు బిడ్డవు."

టీ ఇచ్చి ఎదురుగా కూర్చుంది. నా పని ఏంటని అడిగితే స్పానిష్ నేర్పుతానని, మచ్చుకి 'తెలుసు' అనే మాట చెప్పాను: నేనైతే కొనోస్కో, నువ్వైతే కొనోసెస్, ఆమె అయితే కొనోసే.

"మనిషికో తీరు మారుద్దా? మాకు అందరికీ ఒకటే ఎరుక."

"జరిగిపోయినదైతే కొనోసీ. మొదటిసారి కలిశాను అని. మనం బళ్ళో కలిశాం కదా, అట్లా."

"బళ్ళో కాదు. మీ కొట్టు మెట్ల కాడ. మా అయ్య చింతపండు గంప దించితే దొంగతనంగ తిన్నవ్. నేను చూసిన."

ఇద్దరం నవ్వుకున్నాం. తర్వాత ఆమె గొంతు తగ్గించింది. "మీరు పోయిన్నాడు మీ కొట్టు కాడికొచ్చిన. తాళమేసుంది."

చెప్పక తప్పలేదు. "పోతున్నామని నాకు ముందు రోజే తెలుసే. నువ్వు ఏడిస్తే చూడలేక చెప్పలేదు."

జోగి ఖాళీ టీ గ్లాసు పక్కకి జరిపింది. "నీక్కూడా తెల్వదనుకున్న. ఇన్నేండ్లు గట్లనే అనుకున్న."

లేచి పళ్ళెంలో అన్నం, చేపల పులుసు తెచ్చి నా ముందు పెట్టింది. "తిను. సల్లారుద్ది." ఆమె కళ్ళు తుడుచుకోవడం చూశాను.

సంగతి తెలియడం ఒకటి, మనిషి తెలియడం ఒకటి అని పిల్లలకి తేలిగ్గా చెప్పేస్తాను. ఆ ఒక్క సంగతి దాచిపెట్టి, జోగి నాకు తెలుసు అని ఇన్నేళ్ళు అనుకున్నాను. క్షమించానని ఆమె అనలేదు, నేనూ అడగలేదు. సెలవుల్లో మళ్ళీ వస్తానని తారీఖుతో సహా చెప్పాను.

వెళ్ళేవాళ్ళకి ఒక్క మాట: సాయంత్రం తిరుగు బళ్ళు తక్కువ, దిగగానే వేళలు కనుక్కోండి. నేను కనుక్కోలేదు. జోగి మాత్రం రెండింటి నుంచే గడియారం చూస్తూ కూర్చుంది. నాలుగింటికి పొయ్యి ఆర్పేసి, నా సంచీ పట్టుకుని వచ్చి, తనే బస్సెక్కించింది.