తప్పు కింద పోయిన కోడి

ఇంద్రావతి దాటి భోపాల్‌పట్నం వైపు వచ్చినప్పుడు మేం ముగ్గురం: నేను, మా ఆయన, మా అత్త. బస్తర్ అప్పటికింకా రాజుల సంస్థానమే. నైజాం ఇలాకాలో మా ఊరు కాలిపోతే కట్టుబట్టలతో పారిపోయి వచ్చాం. కట్టుబట్టలన్నది మా ఇద్దరి సంగతి. మా అత్త మాత్రం విత్తనానికి దాచిన పచ్చజొన్నలు చిన్న మూట కట్టుకొచ్చింది. ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్లుంటారు. ఆవిడ తెప్పను నెత్తిన పెట్టుకుని తిరిగే రకం.

మేం ఆగిన ఊరి రైతులు, దోర్ల తెగ ఆదివాసులు, మమ్మల్ని వెళ్లగొట్టలేదు. అలాగని దగ్గరికీ తీయలేదు. సొంత సేద్యం చేసిన మా ఆయన అడవిలో వెదురు కొట్టే కూలికి పోయాడు. నేను ఇంటింటికీ తిరిగి వడ్లు దంచాను. రోట్లో తల పెట్టాక రోకటి పోటుకు వెరవకూడదంటారు. నా భుజాలకు ఆ సామెత తెలియదు. కూలికి నూకలు ఇచ్చేవారు. గంజి ఆకుదొప్పలో పోసి వాకిలి బయటే తాగమనేవారు. నన్ను పిలవాలంటే "ఓ ఏటవతలామె" అనేవారు. ఆ పిలుపు వినీ వినీ విసుగొచ్చింది.

నూకలు దొరకని ఒక రోజున ఆ జొన్నలు గటక వండుదామని అత్తను అడిగాను.

"ఇవి మన చేన్లయి. మల్ల మనూరికి పోయినంక మన చేన్లనే పడాలె. ముట్టుకున్నవంటే ఊకోను" అంది. పస్తు పడుకున్నాం.

మరుసటి ఎండాకాలం చివర్లో ఊరి పెద్ద వాగు పక్కన చిన్న చెలక చూపించి సాగు చేసుకోమన్నాడు. అది నిలబడితే కూలి బతుకు తప్పుతుంది. తొలకరి పడగానే మా ఆయన, ఎడ్లు లేవు కనుక, పారతో తవ్వడం మొదలుపెట్టాడు. మా ఊళ్లో వాన పడ్డాక ఆగడం తప్పు. ఇక్కడ విత్తనాల పండుగ కాకుండా మట్టి కదపడం తప్పు. మాకెవరూ చెప్పలేదు. పుట్టుకతో తెలియాల్సినది ఎవరు చెబుతారు?

పొద్దెక్కేసరికి ఊరంతా గట్టున నిలబడింది. పెద్దలు వాళ్లలో వాళ్లు తమ దోర్లీ భాషలో మాట్లాడుకున్నారు. మాకు సగం అర్థమైంది, కావాల్సిన సగం కాదు. అత్త గుడిసెలోకి పోయి మూట చంకన పెట్టుకుని వచ్చింది. మళ్లీ నడవాలా అనుకోగానే నేను అక్కడే కూలబడ్డాను. నిజం చెబుతున్నాను, భయం కన్నా అలసటే ఎక్కువైంది.

చివరికి ఊరి పెద్ద మా ఆయనతో, "తప్పు కట్టాలె నువ్వు. ఒక కోడి" అన్నాడు.

మాకున్నది ఒక్కటే కోడి, గుడ్లు పెడుతున్న పెట్ట. నేను దంచిన కూలికి వచ్చింది. మా ఆయనకు కోపం నషాళానికంటింది. "తెల్వక చేసినం. గిదానికి గూడ తప్పేంది?"

నేను రోజూ ఎవరి వడ్లు దంచేదాన్నో ఆ ముసలామె నవ్వింది. "తప్పు ఊరోళ్లకేస్తరు బిడ్డా. బయటోడైతే పొమ్మంటరు, అంతే."

మా ఆయన పార గట్టున పెట్టాడు. నేనే పోయి కోడిని పట్టుకొచ్చాను. వేల్పు ముందర కోశారు. మగవాళ్ల బంతిలో మా ఆయనకూ ఆకు వేశారు. నా కోడి కూరలో నాకు ముక్క కూడా దక్కలేదు; వేల్పుకు కోసినది అక్కడి ఆడవాళ్లెవరికీ దక్కదట. ఆ లెక్కన నేనూ ఊరి ఆడదాన్నే.

పండుగనాడు ప్రతి ఇంటి నుంచీ గుప్పెడు విత్తనాలు తెచ్చి పూజారి ముందున్న గంపలో పోస్తారు. అన్నీ కలిపి మళ్లీ ఇంటికింత పంచుతారు. "మీ ఇంటియేవి?" అని పూజారి మమ్మల్ని అడిగాడు. మా ఆయన తల దించుకున్నాడు. నేను అత్త వైపు చూడలేదు, చూస్తే అడిగినట్టవుతుందని.

ఆవిడే లేచింది. ముడి బిగుసుకుపోయి చేత్తో రాకపోతే పళ్లతో విప్పింది. గుప్పెడు కాదు, మూట మొత్తం గంపలో బోర్లించింది. ఖాళీ గుడ్డ దులిపి నా చేతిలో పెట్టింది.

"మసిగుడ్డకు పనికొస్తది, ఉంచు" అంది.