పాకాల బండిలో పుట్టిన హవ్వ

కంటి పరీక్షకని మా అవ్వను తీసుకొని పాకాలలో కాట్పాడి ప్యాసింజరు ఎక్కాను. ఎదురుసీటులో నిండు చూలాలు, పక్కన ఆమె భర్త. తమిళ క్రైస్తవులు, కానుపుకు ఆమె పుట్టింటికి పోతున్నారు. చిత్తూరు రాకముందే ఆమెకు నొప్పులు ముంచుకొచ్చాయి.

అవ్వ లేచి మగవాళ్లను అవతలికి పొమ్మంది. బురఖా వేసుకున్న ఒకామె వచ్చి చూలాలి తల ఒళ్లో పెట్టుకుంది. నేను చీర అడ్డం పట్టుకున్నాను. పల్లెలో ఎన్నో కాన్పులు చేసిన మా అవ్వే పురుడు పోసింది.

పాప పుట్టింది గానీ ఏడవలేదు. ఒళ్లంతా నీలం. అవ్వ నోరు తుడిచి, పొడిగుడ్డతో వీపు రుద్దుతూనే ఉంది. “ఏడువమ్మా, ఒక్కసారి ఏడువు,” అని బతిమాలుతోంది. పిల్లికూన మూలిగినట్టు ఏదో వినిపించింది. ఆ వెంటనే పాప గుక్కపట్టి ఏడ్చింది.

చిత్తూరు స్టేషన్లో ఆంబులెన్సు కోసం చూస్తుండగా పాప తండ్రి అడిగాడు. “మీ పేరు చెప్పండమ్మా. బిడ్డకు అదే పెట్టుకుంటాం.”

“నా పేరెందుకు నాయనా? అందురూ అవ్వా అనే పిలస్తారు.”

“అయితే హవ్వ అని పెడతాం,” అన్నాడతను. “తెలుగు బైబిల్లో మొదటి ఆడమనిషి పేరు హవ్వ. మా తమిళంలో ఏవాళ్ అంటాం.”

“మాలోనూ హవ్వా అనే అంటాం,” అంది బురఖా ఆమె. “అందరికీ తల్లి ఆయమ్మ.”

అవ్వ నోటికి చేయి అడ్డం పెట్టుకొని నవ్వింది. “అంత పెద్ద పేరు నా వల్లనా?”

కొన్నాళ్లకు పాపకు హవ్వ అనే పేరు పెట్టినట్టు అతను ఫోన్ చేశాడు. తిరుపతిలో హీబ్రూ చదివిన ఒక పాస్టరుగారిని ఆ పేరుకు అర్థం అడిగాను. ఆ భాషలో అది ‘బతుకు’ అనే మాటకు దగ్గరదట. గ్రీకు దేశం చేరేసరికి ముందున్న హకారం జారిపోయిందట. ఇంగ్లీషు వాళ్ల నోట ఈవ్ అయింది. మన అవ్వకూ ఆ హవ్వకూ చుట్టరికం లేదనీ, వినడానికే ఒకటనీ ఆయన చెప్పారు. అయినా ఎన్నో సముద్రాలు దాటిన పేరు మా ప్యాసింజరు బండిలోకి వచ్చింది.

ఇంటికొచ్చి అవ్వకు చెప్పాను. “ఊపిరి రాని బిడ్డకు బతుకని పేరు పెట్టుకున్నారా,” అంది మెల్లగా.

మరుసటి ఏడు వాళ్లు పాపను తీసుకొని మా ఇంటికి వచ్చారు. తప్పటడుగులు వేస్తూ ఎదురొచ్చిన ఆ పసిదానికి అవ్వ రెండు చేతులూ జోడించింది.