పాటగాడి మెడ

నా భార్య గుండె ఆపరేషన్ సోమవారం అన్నారు. అప్పటిదాకా ఇంట్లో ఏం చెయ్యాలో తోచక పిచ్చెక్కుతుంటే, మూలపడేసిన ఆయిల్ పెయింటింగ్‌ని మళ్లీ ముందేసుకున్నాను. బళ్లో డ్రాయింగ్ మాస్టారిని, చేతులు ఊరుకోవు. ముసురు పట్టి రాజమండ్రిలో గోడలే చెమ్మగిల్లుతుంటే ఆ రంగులు ఆరి చస్తాయా! మాటిమాటికీ వెళ్లి తాకడం, వేలికంటిన రంగు లుంగీకి తుడుచుకోవడం, ఇదే పని.

బొమ్మలో ఉన్నది గ్రీకు పురాణంలోని ఓ పాటగాడు. పాము కరిచి పెళ్లాం పోతే, ఏకంగా చచ్చినవాళ్ల లోకానికే వెళ్లి పాడాడట. అక్కడి రాజు కరిగిపోయి, తీసుకుపో, నీ వెనకాలే వస్తుంది, కానీ వెలుగులోకి చేరేదాకా తిరిగి చూడకు అన్నాడట. ఈయన చూశాడు. ఆవిడ అట్నుంచటే వెళ్లిపోయింది. నేను వేసింది ఆ చూసిన క్షణాన్నే.

కాఫీ తెచ్చిన అత్తగారు అడిగితే ఈ కథే చెప్పాను. ఆవిడకి ఒళ్లు మండింది.

"శ్మశానం నుంచి వచ్చేటప్పుడు వెనక్కి చూడకూడదని ఆ దేశంలో చెప్పేవాళ్లే లేరా బాబూ?" అన్నారు.

అంతలో ఆవిడ చూపు బొమ్మలోని ఆడమనిషి మీద ఆగిపోయింది. అది ఆవిడ కూతురి మొహం. ఏం చెయ్యను, చూడకుండా నేను గీయగలిగే ఆడమొహం అదొక్కటే. కళ్లు తుడుచుకుంటూ, ఆపరేషన్‌కి తీసుకెళ్లేటప్పుడు నన్ను అటు తిరిగి నిలబడమని, వెళ్తున్న పిల్ల వంక చూడొద్దని మరీ మరీ చెప్పారు.

నాకు అలాంటివాటి మీద నమ్మకం లేదు. లేదనుకున్నాను. ఆవిడ వంటింట్లోకి వెళ్లగానే కత్తితో పాటగాడి మెడ గీకేసి, ముందుకి చూస్తున్నట్టు వేసేశాను. వెధవా, ఇప్పుడెలా చూస్తావో చూస్తా అనుకున్నాను.

సాయంత్రం నా భార్య గోడ పట్టుకుని నెమ్మదిగా వచ్చింది. మెడ ఎందుకు తిప్పేశారని అడిగింది. భయమేసిందని చెప్పేశాను. ఆయాసపడుతూ కుర్చీలో కూర్చుంది.

"వెనక్కి చూడకపోతే, ఆవిడ వస్తోందో మధ్యలో పడిపోయిందో ఆయనకెలా తెలుస్తుందండీ?" అంది. నా చెయ్యి పట్టుకుని, "నాకూ భయంగానే ఉంది. అమ్మ ఏదో చెప్పిందని మీరు అటు తిరగకండి. ఆపరేషన్ గది తలుపేసేదాకా నన్నే చూడండి" అంది.

సోమవారం కాకినాడ ఆసుపత్రిలో స్ట్రెచర్ కదిలింది. అత్తగారు నా మోచెయ్యి పట్టుకుని లాగారు. నేను కదల్లేదు. నా భార్య తల పక్కకి తిప్పి నాకోసం వెతికింది, దొరికాను. తలుపు మూసుకుంటుంటే చూద్దును కదా, నా మోచెయ్యి వదలకుండానే అత్తగారు కూడా కూతుర్నే చూస్తున్నారు.